సూర్యాపేట నుంచి గల్వాన్ దాకా: కల్నల్ సంతోష్‌బాబును తలచుకుంటూ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దేశం కాని దేశంలో పోరాడి ప్రాణమిచ్చిన ఒక వీరుడి గురించి అరగంట మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయినవాడికి అరగంట అంటే చాలా తక్కువ. అయినా ప్రయత్నిస్తాను.

విదేశీ నేల మీద మనవాళ్లు పోరాడడం కొత్త సంగతి కాదు. ఢిల్లీకి వెళ్లినవాళ్లు తీన్‌మూర్తి కూడలిలో మూడు కంచు విగ్రహాలు చూసే ఉంటారు. మైసూరు, జోధ్‌పూర్, హైదరాబాద్ సంస్థానాల గుర్రపు దళాలకు గుర్తుగా పెట్టిన విగ్రహాలవి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టుకూ పాలస్తీనాకూ వెళ్లారు. అప్పుడు మన నేలకొండపల్లి కూడా ఆ నిజాం రాజ్యంలోదే. తర్వాతి కాలానికి వస్తే, 1961 డిసెంబర్ 5న కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో ఉండి కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా నేలకొరిగారు. 1987 నవంబర్ 25న శ్రీలంకలో మేజర్ రామస్వామి పరమేశ్వరన్ పోయారు. ఇద్దరికీ మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. శ్రీలంకకు శాంతిసేనగా వెళ్లి తిరిగి రానివాళ్లు వెయ్యిమందికి పైనే. వాళ్ల గురించి ఒక పూట మొత్తం మాట్లాడాలి.

కానీ నేను ఎంచుకున్న మనిషి సముద్రం దాటలేదు. హిమాలయాల అవతలికి వెళ్లాడు. ఇక్కడి నుంచి ఆయన ఊరికి బస్సెక్కితే రెండు గంటలు పట్టదు. సూర్యాపేట. కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు.

ఆయన 1983 ఫిబ్రవరి 13న పుట్టారు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. పేట పిల్లవాడు, మధ్యతరగతి ఇల్లు. మన సభలో కూర్చున్న సగం మంది ఇళ్లు అలాంటివే. తాను సైన్యంలో చేరాలనుకుని చేరలేకపోయాననీ, కొడుకైనా చేరాలని కోరుకున్నాననీ ఆ తండ్రి తర్వాత చెప్పారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మన వైపు పిల్లవాణ్ని డాక్టరో ఇంజినీరో చెయ్యాలని ఇల్లు తాకట్టు పెట్టే తండ్రులు బోలెడు మంది. సైన్యానికి పంపాలని పదేళ్ల వాణ్ని పరీక్షకు కూర్చోబెట్టే తండ్రులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఆ పరీక్ష కోరుకొండ సైనిక్ స్కూలుది. విజయనగరం దగ్గర, పూసపాటి రాజుల పాత ప్యాలెస్‌లో 1962 జనవరిలో మొదలైన బడి అది. అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఉన్న సైనిక్ స్కూలు అదొక్కటే. ఆరో తరగతిలో చేరాలి, ఇంటర్ దాకా హాస్టల్లోనే ఉండాలి. సూర్యాపేట నుంచి ఆ చివరికి రాత్రంతా ప్రయాణం. పదేళ్ల పిల్లవాడు ట్రంకు పెట్టె పట్టుకుని రైలెక్కి అమ్మకు చెయ్యూపడం ఎలా ఉంటుందో హాస్టళ్లలో చదివిన మీలో చాలామందికి తెలుసు. అందుకే ఆయన వీరగాథ గల్వాన్‌లో మొదలైందని నేననుకోను. కోరుకొండ హాస్టల్లో తెల్లారుజామున మోగే గంట దగ్గర మొదలై ఉంటుంది.

అక్కడి నుంచి 2000లో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ, తర్వాత డెహ్రాడూన్. 2004 డిసెంబర్‌లో 16వ బిహార్ బెటాలియన్‌లో లెఫ్టినెంటుగా చేరారు. బిహార్ రెజిమెంట్ అంటే బిహార్, జార్ఖండ్, ఒడిశా గ్రామాల నుంచి వచ్చిన జవాన్లు ఎక్కువ. తెలుగు బిడ్డ వెళ్లి వాళ్లతో వాళ్ల మాటలో మాట్లాడాలి, వాళ్ల పండగ చెయ్యాలి, వాళ్ల ఇంటి కష్టం వినాలి. పదిహేనేళ్లు అలా గడిచాక 2019 డిసెంబర్‌లో అదే బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరయ్యారు. చేరిన పటాలానికే పెద్ద కావడం సైన్యంలో ప్రతి అధికారీ కోరుకునే సంగతి. అప్పటికి ఆయనకు ముప్ఫయ్యారేళ్లు.

ఇక గల్వాన్ ఎక్కడుందో చెప్పాలి. పిల్లలూ, మీ అట్లాసులో లద్దాఖ్ తీసి పైభాగం చూడండి. అక్సాయ్‌చిన్ వైపు నుంచి పడమరగా వచ్చి ష్యోక్ నదిలో కలిసే చిన్న నది గల్వాన్. ష్యోక్ పోయి సింధులో కలుస్తుంది. ఆ నదికి పేరు గులాం రసూల్ గల్వాన్ అనే లద్దాఖీ మనిషిది. తెల్లదొరల యాత్రలకు దారి చూపిన గైడు. ఒక సామాన్యుడి పేరు నదికి నిలిచింది, అది నాకు నచ్చిన విషయం. లోయ ఎత్తు దాదాపు 14,000 అడుగులు. అక్కడి గాలిలో మనకు అందే ప్రాణవాయువు ఇక్కడ అందే దానిలో అరవై శాతం మాత్రమే. మనకు మృగశిర కార్తె వచ్చి వారమైనా ఉక్కపోత తగ్గని జూన్ మధ్యలో కూడా అక్కడ రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి. నదిలో పారేది కరిగిన మంచు.

అంత ఎడారిలో ఏముందని కొట్లాట అంటారా? దారి ఉంది. దర్బుక్ నుంచి ష్యోక్ మీదుగా దౌలత్‌బేగ్ ఓల్డీ దాకా మనవాళ్లు వేసిన 255 కిలోమీటర్ల రోడ్డు. గల్వాన్ లోయ మూతిలో ఎత్తున కూర్చున్నవాడికి ఆ రోడ్డు మీద పోయే ప్రతి లారీ కనబడుతుంది. 1962లో కూడా ఇదే లోయలో మన పోస్టును చుట్టుముట్టారు, ఇక్కడే మనవాళ్లు చనిపోయారు. చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివేసి పోయేది ఇదే.

2020 వేసవిలో చైనా సైన్యం తూర్పు లద్దాఖ్‌లో పలుచోట్ల ముందుకొచ్చింది. జూన్ 6న రెండు వైపుల సీనియర్ సైనికాధికారులు కూర్చుని, ఎదురెదురుగా నిలిచిన చోట్ల వెనక్కి తగ్గుదామని మాట అనుకున్నారు. గల్వాన్‌లో పెట్రోలింగ్ పాయింట్ 14 అనే చోట ఆ మాట నిలవలేదు. జూన్ 15 సాయంత్రం కల్నల్ సంతోష్‌బాబు తన మనుషులతో అక్కడికి వెళ్లారు.

ఈ మాట మీద కొంచెం నిలబడదాం. బెటాలియన్ అంటే సుమారు 800 మంది. దానికి పెద్ద అయినవాడు ఒక మేజర్నో కెప్టెన్నో పంపి, తాను వెనక రేడియో దగ్గర కూర్చోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. మనం చేసే ఉద్యోగాల్లో అయితే అదే మర్యాద కూడా! ఆయన మాత్రం తానే వెళ్లారు. మాట తప్పిన చోట మాట్లాడవలసింది పెద్దవాడేనని అనుకుని ఉండవచ్చు. ప్రభుత్వం ఇచ్చిన ప్రశంసాపత్రంలో ఉన్న విషయం ఇది: శత్రువు ఎదుట పరిశీలనా స్థావరం ఏర్పాటు చేసే పని ఆయనది. మనుషులకు పరిస్థితి వివరించి, పథకం వేసుకుని ఆ పని పూర్తి చేశారు. ఆ చోటును పట్టుకుని ఉండగా ఎక్కువ మందితో దాడి జరిగింది. పక్క ఎత్తుల మీద నుంచి రాళ్లు, పదునైన మారణాయుధాలు. తీవ్రంగా గాయపడ్డా ముందు నిలబడే నడిపించారు. చేతులతో కలియబడిన పోరులో చివరి ఊపిరి దాకా వెనక్కి రాలేదు.

ఇనుప కడ్డీలు, మేకులు దిగ్గొట్టిన దుడ్డుకర్రలు, చీకటి, జారే రాళ్లు, కింద మంచు నది. గంటల తరబడి. ఇరవై మంది మనవాళ్లు పోయారు. మర్నాడు మధ్యాహ్నం సైన్యం మొదట చెప్పింది ఒక అధికారి, ఇద్దరు జవాన్లు అని. తీవ్రంగా గాయపడి ఆ ఎత్తులో, ఆ చలిలో ప్రాణాలు వదిలిన మరో పదిహేడు మంది సంగతి రాత్రికి చెప్పారు. భారత చైనా సరిహద్దులో అంతకుముందు ప్రాణాలు పోయింది 1975లో, అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర. నలభై అయిదేళ్ల తర్వాత మళ్లీ ఇది.

నేను ఈ పాఠం ఎక్కడ చెప్పినా వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. "సార్, మనవాళ్ల దగ్గర తుపాకులు లేవా? ఎందుకు కాల్చలేదు?" మంచి ప్రశ్న. ఆ రోజుల్లో దేశమంతా అడిగింది ఇదే.

తుపాకులు ఉన్నాయి. సరిహద్దులో ఉన్న సైనికులు ఎప్పుడూ ఆయుధాలతోనే ఉంటారనీ, గల్వాన్‌లోనూ ఉన్నాయనీ, ఎదురెదురు తగాదాల్లో వాటిని వాడకపోవడం ఒప్పందాల ప్రకారం చాలాకాలంగా ఉన్న పద్ధతి అనీ విదేశాంగ మంత్రి అప్పుడే చెప్పారు. ఆ ఒప్పందం 1996 నవంబర్ 29న ఢిల్లీలో కుదిరింది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ కాల్పులు జరపకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు.

మన ఊరివాళ్లకు ఇది అర్థం కావడానికి ఒప్పంద పత్రాలు చదవక్కర్లేదు. మనది విరాటనగరమని మన పెద్దలు చెప్పుకుంటారు. విరాటరాజు దిబ్బ చూపిస్తారు, కీచక గుండం చూపిస్తారు. చిన్నప్పుడు ఆ దిబ్బల మీద గోళీలాడినవాళ్లం మనం. పాండవులు అజ్ఞాతవాసానికి వచ్చేముందు ఏం చేశారు? గాండీవం దగ్గర నుంచి అన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టారు. పెట్టినచోటు తెలుసు, తియ్యగల చేతులూ ఉన్నాయి. కానీ ఏడాది గడువు ఒకటి ఉంది, ఒప్పుకున్న షరతు ఒకటి ఉంది. నిండు సభలో ద్రౌపదిని తన్నినప్పుడు కూడా ఆ మూట దిగలేదు. భీముడు రాత్రి చీకట్లో ఉత్త చేతులతో వెళ్లాడు. తిక్కన విరాటపర్వం చదివినవాళ్లకు ఆ రాత్రి ఎంత బరువైనదో తెలుసు.

పోలిక ఇంతవరకే. అటువైపు వాళ్లను కీచకులనడం నా ఉద్దేశం కాదు. తమవాళ్లు నలుగురు చనిపోయారని ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరిలో చైనా ఒప్పుకుంది. అందులో ఒకడు నది దాటుతూ కొట్టుకుపోయాడు. వాడికీ ఎక్కడో ఒక అమ్మ ఉంటుంది, ఎనిమిది నెలలు బయటికి చెప్పుకోలేక ఏడ్చి ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది చేతిలో ఆయుధం ఉండి కూడా మాట కోసం దాన్ని పక్కన పెట్టిన నిగ్రహం గురించి. కాల్చి ఉంటే ఆ రాత్రి ఎక్కడ ఆగేదో! రెండు అణ్వస్త్ర దేశాలు అవి. ఆ లోయలో గాయాలతో నిలబడ్డ వాళ్ల క్రమశిక్షణ మీద ఎన్ని కోట్ల మంది నిద్ర ఆధారపడి ఉందో మనకు తెలియను కూడా తెలియలేదు. మనం అప్పుడు కరోనాకు భయపడి తలుపులు వేసుకుని, చేతులు కడుక్కుంటూ కూర్చున్నాం.

ఆ నిగ్రహం సరైనదేనా, పిల్లల ప్రాణాలు పణంగా పెట్టి అంత మాటకు కట్టుబడాలా అనే వాదన ఉంది. తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. ఆ తర్వాత అసాధారణ పరిస్థితుల్లో ఆయుధం వాడే స్వేచ్ఛ అక్కడి కమాండర్లకు ఇచ్చారని వార్తలొచ్చాయి. నా మట్టుకు నాకు, నియమం మార్చే పని ఢిల్లీలో కూర్చున్నవాళ్లది, ఉన్న నియమాన్ని చీకట్లో నిలబెట్టే పని ఆయన మీద పడింది.

జూన్ 17న భౌతికకాయం హకీంపేట విమానాశ్రయానికి, అక్కడి నుంచి సూర్యాపేటకు వచ్చింది. 18న పేట పక్కన కేసారంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు. కరోనా ఆంక్షలున్నా జనం మాస్కులు కట్టుకుని రోడ్ల పక్కన పూలు పట్టుకుని నిలబడ్డారు. కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం అయిదు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. దానితోపాటు వేరే రాష్ట్రాలకు చెందిన మిగతా పంతొమ్మిది కుటుంబాలకు కూడా తలా పది లక్షలు ప్రకటించింది. ఈ రెండో సంగతిని మనలో చాలామంది మర్చిపోయాం.

2021 గణతంత్ర దినోత్సవానికి మహావీర చక్ర ప్రకటించారు. ఆ ఏడాది నవంబర్ 23న రాష్ట్రపతి భవన్‌లో ఆయన తల్లి, భార్య కలిసి వెళ్లి అందుకున్నారు. పరమవీర చక్ర ఇవ్వాల్సిందని అన్నవాళ్లు ఉన్నారు, ఆ మాట అనే హక్కు ఆ ఇంటివాళ్లకు నిండుగా ఉంది. పతకాల కొలత మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. టీవీలో ఆ దృశ్యం చూసినప్పుడు పతకం కన్నా దాన్ని అందుకున్న చేతుల మీదే నా చూపు పోయింది.

ఇప్పుడు ఆ పంతొమ్మిది మంది గురించి. ఇది చెప్పడానికే అసలు నేను ఒప్పుకున్నాను.

సంతోష్‌బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. 2021 జూన్ 15న ఆవిష్కరించారు. మనవాడు కాబట్టి మనకు తెలుసు. కానీ ఆయన ముందు నడిచారంటే వెనక నడిచినవాళ్లు ఉన్నారు కదా. నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్, ఒడిశాలోని మయూర్‌భంజ్ వాడు, సంతాల్ బిడ్డ. హవిల్దార్ కె. పళని, తమిళనాడు రామనాథపురం వైపు వాడు, ఫిరంగి దళం. సిపాయి గురుతేజ్ సింగ్, పంజాబ్‌లోని మాన్సా జిల్లా, ఇరవై మూడేళ్లు. నాయక్ దీపక్ సింగ్, మధ్యప్రదేశ్‌లోని రీవా. ఈయన తుపాకీ మనిషి కాదు, నర్సింగ్ అసిస్టెంటు. తనకు గాయాలవుతున్నా కట్లు కడుతూ ముప్ఫై మందికి పైగా బతికించి తాను పోయాడు. ఈ నలుగురికీ వీర చక్ర ఇచ్చారు.

మరొకరి పేరు చెబుతాను. గణేశ్ రాం కుంజాం. ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లా ఆదివాసీ యువకుడు. భద్రాచలం దాటి అడవిదారిన పైకి పోతే బస్తర్, ఇంకా పైకి పోతే కాంకేర్. మన దుమ్ముగూడెం, చర్ల వైపు గుడిసెల్లాంటి గుడిసెలు, అదే ఇప్పపూల వాసన. ఆ అడవిలోంచి వచ్చిన పిల్లవాడూ సూర్యాపేట బ్యాంకు ఉద్యోగి కొడుకూ ఒకే రాత్రి ఒకే లోయలో పోయారు. ఒకరి పేరు మనకు తెలుసు, ఒకరి పేరు తెలియదు. అడవి అంచున ఉండే మనకైనా తెలియాలి.

లద్దాఖ్‌లో ఆ రోడ్డు పక్కన 120వ కిలోమీటరు పోస్టు దగ్గర సైన్యం ఒక స్మారకం కట్టి ఇరవై పేర్లూ చెక్కింది. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలోనూ చెక్కారు. అంత దూరం మన పిల్లలందరూ వెళ్లలేరు. అందుకని సంఘం వాళ్లను ఒక్కటి అడిగాను. స్వర్ణోత్సవానికి నా పేరు మీద శాలువా, మెమెంటో వద్దు, ఆ డబ్బుతో మన లైబ్రరీ గోడ మీద ఆ ఇరవై పేర్లూ తెలుగులో రాయించండి, పేరు పక్కన ఊరు, ఊరి పక్కన రాష్ట్రం. అధ్యక్షులు వెంటనే సరేనన్నారు. అందుకు కృతజ్ఞతలు.

పెయింటర్ సోమవారం వస్తానన్నాడు. ఒడియా పేర్లు, పంజాబీ పేర్లు తెలుగులో ఎలా రాయాలో తేల్చే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించాం. సోరెన్‌లో దీర్ఘం ఉండాలా వద్దా అని రెండు రోజులుగా వాళ్లలో వాళ్లు కొట్టుకుంటున్నారు. హిందీ టీచరుగారు ఈ మధ్యాహ్నం వాళ్లతో కూర్చుంటామన్నారు. మీలో ఒడిశాలోనో పంజాబ్‌లోనో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లుంటే భోజనాలయ్యాక లైబ్రరీ గదికి ఒకసారి రండి. అట్లాసు, పేర్ల జాబితా బల్ల మీదే ఉంచాం.